గోడ మీది బొమ్మ ఒక్కటే నిజమా?

కాశీబుగ్గలో బిందు గురించి ఒక మాట తిరుగుతోంది. జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసులో గోడ మీది బొమ్మను పొగరుతో చింపేసిందట, ఓనరు మెడపట్టి గెంటేశాడట. చింపిన మాట నిజం. గెంటిన మాట పచ్చి అబద్ధం. ఈ పొద్దున కూడా క్యారేజీ పట్టుకుని పనికి వెళ్లింది. ఎందుకు చింపిందని మాత్రం ఒక్కరూ అడగరు!

ఫ్యాక్టరీలో కొత్తగా కంప్యూటరు పెట్టారు. ప్రోగ్రాం రాసేవాళ్లు విశాఖపట్నంలో ఉంటారు. ఇక్కడి పని వాళ్లకు తెలిసేలా బొమ్మలు గీసేది బిందు. పప్పు ట్రే ఏ దారిన పోతుందో ఒక బొమ్మ, ఏ పని ఎవరు చేస్తారో ఇంకొకటి, తప్పు ఎవరి పేరున పడుతుందో మూడోది. మొదటిది ఆఫీసు గోడ మీద, మిగతా రెండూ ఫైల్లో ఉంటాయి. పని ఒక్కటే కనుక ఒక బొమ్మ మారితే మిగతా రెండూ మారి తీరాలి.

పొట్టు సరిగా ఊడని ట్రే, తీసిన మనిషి దగ్గరికే తిరిగి రావడం ఇక్కడి రివాజు. అది ఆలస్యమని, ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్లకిమ్మన్నాడు మేనేజరు లోకనాథ్. బిందు సెలవులో ఉండగా, కింద ఆమె పేరు అలాగే ఉంచి, గోడ మీది మొదటి బొమ్మ ఒక్కటే మార్పించాడు. ఓనరు కూర్మనాథం చూసేది అదొక్కటే మరి.

ఇంకేముంది! చెయ్యి చురుకైన సూరమ్మ దగ్గరికే అందరి పాడు ట్రేలూ వచ్చాయి. మార్చని పాత మూడో బొమ్మ ప్రకారం, కంప్యూటరు లెక్కలో తిరిగొచ్చిన ట్రే ఎవరందుకుంటే తప్పు వాళ్లదే. ఏళ్ల తరబడి పొట్టు తీస్తున్న మనిషిని రేపట్నుంచి రావద్దన్నారు.

ఆమె ఏడుస్తూ చెప్పింది విని, సెలవు నుంచి వచ్చిన బిందు ఆఫీసుకు పరుగెత్తింది.

“మూడు బొమ్మలూ మూడు మాటలు సెప్తన్నాయి, సార్!”

“గోడమీదది కరెక్టే కదేటి? ఓనరుగారు అదే సూత్తారు,” అన్నాడు లోకనాథ్, టీ చప్పరిస్తూ.

బిందు ఆ బొమ్మను బర్రున లాగి చింపేసింది. చప్పుడుకు కూర్మనాథం లోపలి గదిలోంచి వచ్చాడు. చూడ్డానికి మిగిలినవి ఫైల్లోని ఆ రెండే కనుక వాటినే చూడాల్సి వచ్చింది, ఎవరి తప్పో సూరమ్మ మీద పడిందని తెలిసింది. మూడూ కలిసేదాకా కంప్యూటరు ముట్టొద్దని కసిరి, సూరమ్మను తిరిగి పనిలోకి పిలిపించాడు.

ఆ సాయంత్రం వీధి అరుగు మీద సూరమ్మ అడిగేసింది. “నిజం సెప్పమ్మీ. నాకోసమేనేటి సింపినావు?”

“నీకోసమైతే లోకనాథ్ సొక్కా సింపుదును అత్తా. అది నా సేత్తో గీసిన బొమ్మ. నా పేరెట్టుకుని గోడెక్కి అబద్దమాడతంటే ఊరుకుంటానేటి?”