అరివేణి కుండల మీద గ్రీకు ముఖాలు

మా ఇంట్లో పెళ్ళంటే అరివేణి కుండలకు రంగులు వేసేది నేనే. పెళ్ళిపందిట్లో పేర్చే ఆ మట్టికుండలకు సున్నం పూసి, చిలకలూ కలువలూ వేయడం చిన్నప్పటి నుంచీ అలవాటు. పైగా బడిలో డ్రాయింగ్ టీచర్‌ని. యానాంలో నా చేతికి వంక పెట్టినవాళ్ళు లేరు.

కిందటేడు మా అన్నయ్య కూతురికి పెళ్ళి కుదిరింది. పాండిచ్చేరిలో చరిత్ర చదివిన పిల్ల. కనకాలపేటలో మా ఇంటికొచ్చి, తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అత్తా, ఇలాంటివి వెయ్యగలవా?"

నల్లటి కుండలు. వాటి మీద మట్టి రంగులోనే మెరుస్తున్న మనుషులు. దక్షిణ ఇటలీలో స్థిరపడిన గ్రీకులు రెండు వేల ఏళ్ళకు ముందే చేసినవట. ఒకదాని మీద తీగల మధ్య నుంచి ఒక ఆడమనిషి పక్కకు చూస్తోంది. చెవిపోగు, మెడలో పూసలు తెలుపు, పసుపు చుక్కలతో ఉన్నాయి. పెళ్ళిళ్ళ కోసం చేసినవీ వీటిలో ఉన్నాయని చెప్పింది.

"ఎందుకు వెయ్యలేనే? నీ పెళ్ళికి ఇవే," అన్నాను.

వేయబోతే తెలిసింది. వాళ్ళు రంగు బొమ్మకు వేయలేదు, బొమ్మ చుట్టూ వేశారు. నా కుంచె అలవాటు కొద్దీ ముఖంలోకే పోయేది. మొదటి కుండ పాడైంది. రెండో దాని మీద మా మేనకోడలి ముఖమే గీసి, దాన్ని వదిలి చుట్టూ నలుపు నింపాను. ఉత్త మట్టే ముఖమై నిలిచింది. నాకు భలే గర్వం వేసింది.

అమ్మ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పెళ్ళికుండకి నలుపేంటే? మగపెళ్ళివారు ఏవనుకుంటారు?"

"బొమ్మ బాగోలేదా?"

"బొమ్మకేం, బంగారంలా ఉంది. నలుపు తీసెయ్."

ముదురు ఆకుపచ్చ కలిపి, నలుపు ఉన్నచోటల్లా రెండు పూతలు పూశాను. ముఖం ఇంకా వెలిగింది. అమ్మ కాసేపు చూసి, "మెడలో పూసలు నేను పెడతాలే," అంటూ అగ్గిపుల్ల సున్నంలో ముంచి పక్కన కూర్చుంది.

పెళ్ళిలో మెట్టకూరు నుంచి వచ్చిన మగపెళ్ళివారి పెద్దావిడ నన్ను పిలిచింది.

"ఈ ముఖం అమ్మవారిదా అమ్మా?"

"పెళ్ళికూతురిదండి."

ఆవిడ పీటల మీద కూర్చున్న పిల్లనీ, కుండనీ మార్చి మార్చి చూసింది. "ముక్కు కుదిరింది. వచ్చే మాఘంలో మా చిన్న మనవడి పెళ్ళి. కుండలు మీరే వెయ్యాలి."

"వేస్తానండి. పెళ్ళికూతురి ఫోటో పంపించండి," అన్నాను.