కొండ మీద తడి సున్నం

పేపర్ భాషలో ‘గల్లంతు’ అనే మాట ఒకటుంది. కాలువలోనో ఏట్లోనో మనిషి పడి కనపడకుండా పోతే మేం రాసే మాట అది. బతికున్నాడని చెప్పదు, పోయాడనీ చెప్పదు. జిల్లా పేజీల డెస్కులో కూర్చుని ఆ మాటను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. దానికొక పద్ధతుంది. ఇవాళ ‘గల్లంతు’ అని వేస్తే రేపో ఎల్లుండో ‘మృతదేహం లభ్యం’ అని నాలుగు లైన్లు వస్తాయి. అవి వస్తేనే డెస్కులో ఆ మనిషి సంగతి ముగిసినట్టు.

మా బావ విషయంలో ఆ నాలుగు లైన్లు రాలేదు.

సాగర్ కుడి కాలువ కట్ట మీద ఆయన బండి దొరికింది. చెప్పులు పక్కనే, చర్చి గుమ్మం ముందు విడిచినట్టు జతగా ఉన్నాయి. ఆ రోజు కాలువ నిండుగా పారుతోంది. ఈతగాళ్లు దిగారు, వలలు వేశారు, దిగువన లాకుల దగ్గర కాపలా కాశారు. ఏమీ దొరకలేదు. కాలు జారాడో, కావాలని దిగాడో, చెప్పులు అక్కడ వదిలేసి ఏ బస్సో ఎక్కాడో ఎవరికీ తెలియదు. మా అక్క మాత్రం బస్సునే నమ్మింది. “ఆయనకు ఈత వచ్చురా” అంది, అంతే. ఆ తర్వాత ఆమె ముందు ఎవరైనా నోరు జారి ‘పోయిన మీ ఆయన’ అంటే, తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టి లేచి వెళ్లిపోయేది.

గురజాలలో మా ఇల్లూ ఆమె ఇల్లూ గోడకు గోడ. మా చర్చిలో ఆదివారం ప్రార్థన విన్నపాలు చదివేటప్పుడు ఆమె వంతు వచ్చేసరికి పాస్టర్ గారి గొంతు తడబడేది. ఆదరణ కోసం ప్రార్థించాలా, క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థించాలా? చివరికి ‘మన సహోదరి కుటుంబం కోసం’ అని ఊరుకునేవారు. మిగతాది దేవుడే చూసుకోవాలి.

బావ అన్నదమ్ములు ఒకసారి సమాధుల తోటలో చోటడిగారు. శవం లేకుండా గుంట తియ్యడం మన పద్ధతి కాదన్నారు సంఘ పెద్దలు. చావు లేకుండా సమాధేంది అంది అక్క. మా సంఘ పెద్దలూ మా అక్కా ఒక్క మాట మీద నిలబడటం నా జన్మలో అదొక్కసారే చూశాను. దాంతో ఈస్టర్ వచ్చినప్పుడు ఆమెకు పని లేకుండా పోయింది. మాకు ఆ పండగంటే సమాధుల పండగే. ముందు రోజు సమాధులకు సున్నం కొట్టుకుంటాం, తెల్లారకముందే వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుకుంటాం. అందరూ తమ తమ వాళ్ల దగ్గర నిలబడితే అక్క గేటు బయట, పక్కింటివాళ్ల అగ్గిపెట్టె పట్టుకుని నిలబడేది. చూడలేక నేను తల తిప్పుకునేవాణ్ణి.

తర్వాత మా ఎడిషన్ పేజీలు తగ్గాయి, డెస్కులో మనుషులూ తగ్గారు, నేనూ ఇంటికొచ్చాను. వస్తూ వస్తూ షుగరు తెచ్చుకున్నాను. డాక్టరు నడవమంటే నడక విసుగని గేర్ల సైకిలు కొన్నాను, కొండల్లో తొక్కే లావు టైర్లది. టీ కొట్టు దగ్గర “ఏంది మామా, బండిలో పెట్రోలు అయిపోయిందా?” అని రోజూ ఒకడు తగులుకునేవాడు. అడిగినవాడి పొట్ట వైపు ఒకసారి చూసి తొక్కుకుంటూ వెళ్లిపోయేవాణ్ణి.

సాయంత్రాలు నేనూ అక్కా ఫోన్లో తవ్వకాల వీడియోలు చూసేవాళ్లం. బైబిల్లో ఉన్న ఊళ్లను ఆ దేశాల్లో తవ్వి తీస్తుంటారు కదా, అవి. యెరికో గోడలు, రాజుల ముద్రలు, ఎముకలు దాచిన రాతిపెట్టెలు. ఒక్క కుండపెంకు దొరికితే ఆ పండితులు గంటసేపు మాట్లాడతారు. మన చానళ్లవాళ్లు కుండపెంకు కూడా లేకుండా గంట మాట్లాడతారు, తేడా అంతే. ఒక రోజు ఒక పెద్దాయన, ఐగుప్తు, అదే ఈజిప్టు, నుంచి బయల్దేరి ఎడారిలో తిరిగిన అంతమంది ఇశ్రాయేలీయులకు అక్కడ ఒక్క ఆనవాలూ దొరకలేదన్నాడు. అక్క ఫోన్ నా చేతిలోంచి లాక్కుని, “దొరకలేదంటే లేరని కాదు గదరా” అంది. ఆమె మాట్లాడేది ఇశ్రాయేలీయుల గురించి కాదని నాకు తెలుసు. అదే మాట తిప్పి నేనూ అనొచ్చు. శవం దొరకలేదంటే చావు లేదని కాదు. కానీ అనే ధైర్యం నాకేదీ?

మాచర్ల వైపు ఒక కొండ మీదికి నేను తొక్కే బాట ఉంది. నాపరాయి పలకల మీద టైరు జారుతుంది, తర్వాత సర్కారు తుమ్మ అడ్డం వస్తుంది, ఆపైన మెత్తటి దుమ్ము. ఆ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున ఎప్పుడూ ఆగే చోట ఆగకుండా ఇంకాస్త పైకి పోయాను. అక్కడ కనపడింది రాతిగూడు. నాలుగు పలకలు నిలబెట్టి, పైన ఒక పెద్ద బండ కప్పి, ముందు పలకకు మనిషి తల పట్టేంత గుండ్రటి కంత చేశారు. మావైపు వీటిని రాక్షసగుళ్లంటారు. చదువుకున్నవాళ్లు వేల ఏళ్ల నాటి సమాధులంటారు. ఇలాంటివి చూడటం నాకు కొత్త కాదు. కొత్తేంటంటే, దానికి సున్నం కొట్టి ఉంది.

వేలితో తాకాను. వేలికంటింది. తడి ఇంకా ఆరలేదు. చుట్టూ చూశాను. వచ్చిన దారిలో దుమ్ము మీద నా టైరు జాడ తప్ప ఒక్క అడుగు లేదు. బకెట్టు లేదు, కుంచె లేదు, రాళ్ల మీద ఒక్క చుక్క కారి లేదు. పిట్ట అరుపు కూడా ఆగిపోయినట్టనిపించింది. కంత దగ్గర మొహం పెడితే లోపల్నుంచి చల్లగాలి తగిలింది, తలుపు వెనక మనిషి ఉన్నప్పుడు తెలుస్తుందే, అలా. నేను భయస్తుణ్ణి కాను. క్రైం పేజీ ఏళ్ల తరబడి చూసినవాణ్ణి. అయినా ఫోన్లో అర నిమిషం తీసుకుని, వెనక్కి చూడకుండా కొండ దిగాను. దిగేటప్పుడు బ్రేకులు పట్టుకున్న గుర్తు కూడా లేదు.

ఆ వీడియో అక్కకు చూపించాను. ఆమె చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ వింది. “దగ్గురా” అంది. బావ మిరపకాయల కళ్లాల్లో పనిచేసినవాడు, ఆ ఘాటుకు పొడిదగ్గు పట్టుకుని ఎన్నటికీ వదల్లేదు. నేనూ విన్నాను. నాకు గాలి వినపడింది. మళ్లీ విన్నాను. ఈసారి గాలేనని గట్టిగా చెప్పలేకపోయాను.

“నన్ను తీసుకెళ్లు” అంది.

ఈస్టర్ నాడు ఆరాధన అయ్యాక వెళ్లాం. కొండ కింద దాకా ఆటో, అక్కడ్నుంచి ఆమె నడక, పక్కన నేను సైకిలు నడిపించుకుంటూ. రాతిగూడు తెల్లగా మెరుస్తోంది. కంత ముందు ఒక కొవ్వొత్తి ముక్క కరిగిపోయి ఉంది. మేం ఇంకా సంచి విప్పనేలేదు. అక్క దాన్ని చూసింది. తను తెచ్చింది పక్కన వెలిగించింది. ఆకు కదలడం లేదు, కానీ మంట నిటారుగా లేదు. కంత వైపు, లోపలికి వంగి నిలబడింది. ఆమె చెయ్యి మోచేతి దాకా ఆ కంతలో పెట్టి చానాసేపు అలాగే కూర్చుంది. నేను భయపడి తియ్యమన్నాను.

“చల్లగా ఉందిరా” అంది. లేచేటప్పుడు నా మొహం చూసి, “ఇది సమాధని అనుకోమాక. ఊరికే కొవ్వొత్తి పెట్టా” అంది.

అప్పట్నుంచి అప్పుడప్పుడూ పొద్దుటిపూట వెళ్లేవాళ్లం. ఎప్పుడెళ్లినా సున్నం కొత్తగానే ఉండేది. ఒకసారి సంగతేందో తేల్చుకుందామని నేనొక్కణ్ణే సాయంత్రం వెళ్లి చూశాను, వెలిసిపోయి ఉంది. మర్నాడు పొద్దున్నే వెళ్తే తెల్లగా, తడిగా ఉంది. దుమ్ములో మళ్లీ నా టైరు జాడ ఒక్కటే. ఎవరు కొడుతున్నారో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవాలన్న తపన మాత్రం ఆ పొద్దుతో చచ్చింది. అక్కకు అసలు ఆ ఆలోచనే రాలేదు. “మనలాంటోళ్లే ఎవరో” అనేది, పొరుగువాళ్ల గురించి చెప్పినట్టు.

మేకలు తోలుకెళ్లినవాళ్లెవరో ఫోన్లో తీసి పంపారట, ఒక చానల్లో వచ్చింది. ‘పల్నాడు కొండల్లో క్షుద్రపూజలు? గుప్తనిధుల ముఠా పనేనా?’ ప్రశ్న గుర్తు పెడితే ఏమన్నా అనొచ్చని మా వృత్తిలో ఒక ధైర్యం. సున్నాన్ని ముగ్గు అన్నారు, కొవ్వొత్తి మైనాన్ని ఏదో కొవ్వు అన్నారు. కొండ కింది ఊళ్లో మా చర్చివాళ్లు లేరు, సమాధులకు సున్నం కొట్టే పండగ వాళ్లెరగరు. మావాళ్లకేమో సమాధుల తోట దాటి కొండ మీద ఎవరైనా సున్నం కొడతారన్న ఊహే రాదు. అలా ఒక ఊరు ఊరంతా మా ఈస్టర్ని చేతబడి అనుకుంది.

మర్నాడు పొద్దున్నే పాత డెస్కు మిత్రుడు ఫోన్ చేశాడు. ముఠా తవ్వుకుపోయేలోపు మేమే తెరిచి చూస్తామని ఊరివాళ్లు గునపాలతో బయల్దేరారట, నువ్వు దగ్గర్లో ఉన్నావుగా, వెళ్లి రాసి పంపమన్నాడు. నేను గుమ్మం దాటేసరికి అక్క చెప్పులేసుకుని నిలబడి ఉంది. గునపాల సంగతి ఆమె అప్పటికే టీవీలో చూసింది.

మేం వెళ్లేసరికి రాతిగూడు చుట్టూ తిరునాళ్లంత జనం. ఆడవాళ్లు కూడా ఎక్కొచ్చారు, నిధి చూడాలని. ఇద్దరు పైబండ కింద గునపాలు దూర్చారు. బండ లేస్తే లోపల వేల ఏళ్ల నాటి ఎముకలన్నా ఉంటాయి, లేదా ఏమీ ఉండదు. ఏదైనా సరే, అక్క చెయ్యి పెట్టడానికి ఇక చోటు మిగలదు. పురావస్తు శాఖకు చెప్పాలి, తెరిస్తే కేసవుద్దని అరిచాను.

“శాఖ వచ్చేలోపు నిధి పోద్ది మామా” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

మావైపు ఎంత మొండివాడైనా ఒక్క పని చెయ్యడు. చూసుకునే అయినవాళ్లు బతికున్న సమాధి మీద గునపం పెట్టడు. అందుకే గునపం పట్టిన పెద్దమనిషి ఆగి, తన బాధ్యతగా, జనం వైపు తిరిగి గట్టిగా అడిగాడు. “దీని తాలూకు వాళ్లెవరన్నా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పండి.”

“నేనున్నా” అంది అక్క.

చానల్ అమ్మాయి మైకు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “ఎవరి సమాధమ్మా ఇది?”

“మా ఆయనది.”

వెనక నుంచి మా ఊరివాడొకడు గుర్తుపట్టాడు. “అక్కా, మీ ఆయన కాలువలో గల్లంతయ్యాడు గదా? బతికే ఉన్నాడు, వస్తాడని చెప్పేదానివి గదా?” వాడి గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. గునపం మాత్రం బండ కిందనే ఉంది.

అక్క నా వైపు చూసింది. వస్తాడని అంటే ఆ బండ లేస్తుంది. రాడని అంటే ఆమె ఇన్నాళ్లూ కాపాడుకున్న మనిషి పోతాడు. మైకు ఆమె నోటి ముందే ఉంది.

“రాడు” అంది చివరికి. “చచ్చిపోయాడు. ఇందులో ఉన్నాడు. గునపాలు తియ్యండయ్యా.”

గునపాలు తీశారు. పెద్దమనిషి తలకు చుట్టిన తువ్వాలు విప్పి చేత్తో పట్టుకున్నాడు. అక్క అక్కడే, రాళ్లలో, కూలబడి ఏడ్చింది. కాలువ కట్ట మీద ఏడవలేదు, చర్చిలో ఏడవలేదు, ఇప్పుడు నోరు విప్పి ఏడ్చింది. నిధి కోసం కొండెక్కిన ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు ఆమె పక్కన కూర్చున్నారు, చావింట్లో కూర్చున్నట్టే. ఎవరి పేరూ తెలియకుండానే గొంతు కలిపారు.

వాళ్లలో ఒక ముసలామె అక్క వీపు నిమురుతూ అడిగింది. “ఎప్పుడు పోయాడు తల్లీ?”

“ఇప్పుడే” అంది అక్క.