మేకపిల్ల బేరం

ఆ రోజుల్లో మాచర్లలో మా డాక్టరు దగ్గర చక్కెర జబ్బుకు అంకె ఉండేది కాదు, రంగు ఉండేది. కాంపౌండరు గాజుగొట్టంలో నీలం మందు పోసి, నాలుగు చుక్కల మూత్రం కలిపి దీపం మీద కాచేవాడు. నీలంగానే ఉంటే జబ్బు లేనట్టు. ఆకుపచ్చయితే కొంచెం, పసుపయితే ఎక్కువ. నా భార్యది పసుపునూ దాటి ఇటిక రంగుకు తిరిగింది.

"రోజూ పొద్దున్నే నడవాలమ్మా. దసరాలోపు ఈ రంగు దిగకపోతే రోజూ సూది పడుద్ది," అన్నాడు డాక్టరు.

సూదంటే ఆమెకు చానా భయం. చిన్నప్పుడు టీకాలవాళ్ళు వస్తే జొన్నచేలో దాక్కున్న మనిషి.

నేను నాపరాళ్ళ డిపోలో కొలతలు చూసేవాణ్ణి. చదువు మధ్యలోనే ఆగినా, బండను చూసి ఎన్ని చదరపు అడుగులో నోటితో చెప్పడం నా అంతట నేనే నేర్చుకున్నాను. నడకనూ అలాగే లెక్కలో పెట్టాను. హైస్కూలు గ్రౌండును తాడుతో కొలిచి, ఎన్ని చుట్లు తిరగాలో తేల్చి, అన్ని గులకరాళ్ళు ఆమె చేతిలో పోశాను. చుట్టుకో రాయి పారేయాలి. రెండు మూడు రోజులకే ఆమె చుట్టుకు రెండేసి పారేయడం మొదలుపెట్టింది.

"ఇదేందే?" అన్నాను.

"గానుగెద్దుకైతే కళ్ళకు గంతలుంటయ్. నాకు అవీ లేకపాయె."

దానికి తోడు దారిలో పలకరింపులు. మా వైపు ఎదురైనవాళ్ళను ఎక్కడికని అడక్కపోతే మర్యాద కాదు. ఊరికే నడిచే మనిషి ఏమని చెప్పాలి? నడవడానికే అంటే, "ఇంట్లో పని లేదా పిన్నీ?" అని నవ్వేవాళ్ళు. వారం తిరక్కుండా ఆమె గడప దాటడం మానేసింది.

మా పక్కింట్లో సైకిల్ మెకానిక్ కాపురం. బక్రీదుకని ఒక మేకపోతును సాకుతున్నారు. మెకానిక్ భార్యకు నెలలు నిండుతున్నాయి, పోతు గుంజితే తాడు పట్టలేకపోతున్నది. ఒకనాడు గోడ మీదుగా, "అక్కా, దీన్ని కాస్త కాలవ కట్ట దాకా తిప్పుకొస్తావా?" అని అడిగింది.

నా భార్య వెల్దుర్తి వైపు మెట్టపొలాల్లో మేకల వెంట పెరిగింది. తాడు చేతికి రాగానే నడుము నిటారుగా అయింది. అది ఉరికితే ఉరకడం, ఆగితే ఆగడం, తుమ్మకాయల కోసం కొమ్మ వంచడం. వెనకాల నడిచి దూరం లెక్కగడదామని చూశాను గానీ, ఆ పోతు నిన్న పోయిన దారిన ఇవాళ పోయేది కాదు. లెక్క వదిలేశాను. ఆమెను మాత్రం ఎక్కడికని ఎవరూ అడగలేదు. చేతిలో తాడే జవాబు.

"మెల్లగా పోవే!" అని నేను అరిస్తే, "ఆ మాట దానికి చెప్పయ్యా," అని నవ్వేది.

గాజుగొట్టం పసుపుకు దిగింది. "ఇంకా దిగాలి, ఆపొద్దు," అన్నాడు డాక్టరు.

ఇంతలో పండగ వచ్చింది. పక్కింటివాళ్ళు ఎప్పటిలాగే మా వాటా మాంసం పంపారు. ఆమె వండి నాకు పెట్టింది, తను ముట్టలేదు. "తెలిసే తిప్పాను. అయినా ఈసారికి వద్దులే," అన్నది.

మర్నాడు పొద్దున ఆమె లేవలేదు. ఆ మర్నాడూ అంతే. వట్టి చేతులతో రోడ్డెక్కాలంటే సిగ్గన్నది. దసరా చూస్తే దగ్గరకొచ్చేస్తున్నది. గులకరాళ్ళు గుర్తొచ్చినా వాటి జోలికి పోలేదు. "పద, నేనూ వస్తా," అన్నాను.

కట్ట దగ్గర పాలు పోసి తిరిగొస్తున్న ముసలాయన ఆగాడు. "ఏంది, ఇద్దరూ కలిసి ఎక్కడికి?"

నాకన్నా ముందు ఆమె అందుకుంది. "మేకపిల్ల బేరానికి బాబాయ్."

"మా పక్క తండాలో ఉన్నయ్ చూడండమ్మా," అని ఆయన చెయ్యెత్తి దారి చూపించాడు.

చూపించాక పోకపోతే బాగోదు. పోయాం. ఆమె పిల్లల పళ్ళు చూసింది, వెన్ను నిమిరింది, ఒక్కొక్కదాన్నీ నడిపించి చూసింది. చివరికి చెవులు పొట్టి అని లేచింది. మర్నాడు ఇంకో పల్లె. అక్కడ కాలు వంకర. ఆ తర్వాత ఇంకో దిక్కు. ఏ పిల్ల ఎట్లా దూకిందో ఇల్లు చేరేదాకా చెబుతూనే ఉండేది. పొద్దున నాకన్నా ముందే లేచి చెప్పులేసుకునేది.

ఒకనాడు ఒక కాపరి దగ్గర తెల్ల మచ్చల పిల్ల కనబడింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. ధర నేను మనసులో వేసుకున్నదానికన్నా తక్కువే. జేబులో చెయ్యి పెట్టాను. ఆమె నా మోచేతి మీద గట్టిగా గిల్లి, "మళ్ళీ వస్తాంలే అన్నా," అని కాపరికి చెప్పి నడిచింది.

కొంత దూరం వచ్చాక అడిగాను. "అంత మంచి పిల్లను ఎందుకు వదిలావే?"

"కొన్నది ఎప్పటికైనా పోద్ది," అన్నది ఆమె, ముందుకు చూస్తూ. "కొననిది యాడికి పోద్ది?"

దసరా ముందు గాజుగొట్టం ఆకుపచ్చకు దిగింది. సూది అక్కర్లేదన్నాడు డాక్టరు. నడక మాత్రం మానొద్దన్నాడు.

మర్నాడు కట్ట మీద ముసలాయన మళ్ళీ ఎదురయ్యాడు. "ఇంకా కుదర్లేదా మీ బేరం?"

ఈసారి ఆమెకన్నా ముందు నేనే అన్నాను. "ఎక్కడ బాబాయ్, అన్నిటికీ చెవులు పొట్టి."