కంప్యూటరు మీది దుప్పటి

పెర్నిక్‌లో బొగ్గుగని మూతపడ్డాక మా పైవాటా వెల్కోకి ఒకటే పిచ్చి పట్టుకుంది. అందరికంటే పెద్ద ప్రధాన సంఖ్యను తనే కనిపెట్టాలి. ఒకటీ, తనూ తప్ప మరేదీ భాగించలేని సంఖ్య, కోట్ల అంకెలది. ఆయన కంప్యూటరు చలికాలమంతా ఒకే సంఖ్యను పరీక్షిస్తూ కూర్చుంది. మధ్యలో ఒక్క అంకె తప్పినా ఆపైనంతా తప్పే.

జనవరిలో, ఇళ్ళను వెచ్చగా ఉంచే గొట్టాల్లో వేడినీళ్ళు ఆగిపోయాయి. ఊపిరితిత్తులు చెడి మంచానపడిన ఆయన భార్య స్తోయ్నా, ఆ కంప్యూటరు వేడికి కాళ్ళు చాపి, రెంటికీ కలిపి దుప్పటి కప్పేసింది.

"తియ్యవే! అది ఉడికిపోతే లెక్క తప్పుతుంది!" అంటూ వెల్కో దుప్పటి లాగేశాడు. కింద నాకు వినపడింది.

"ఆ సంఖ్యనే కట్టుకోకపోయావా, నన్నెందుకు కట్టుకున్నావు?" అంది దగ్గుతూ.

వారం తిరక్కుండానే స్తోయ్నా పోయింది. కంప్యూటరేమో అది ప్రధాన సంఖ్య కాదని తేల్చింది.

ఇలా వెతికేవాళ్ళలో ఒకరి లెక్కను ఇంకొకరు సరిచూడడం ఆనవాయితీ. పోయిన నలభయ్యోనాడు, మా ఆచారం ప్రకారం స్తోయ్నా పేర ఉడికించిన గోధుమలు పంచుతుంటే కబురొచ్చింది, అది ప్రధాన సంఖ్యేనని. దుప్పటి కింద ఉడికిన ఆ కాసేపట్లోనే అంకె తప్పిందట. లాగేసేసరికే ఆలస్యమైపోయింది. పేరు ఇంకెవరికో దక్కింది.

నాకు ఒళ్ళు మండింది. "ఏం సాధించావన్నా?" అని అడిగేశాను.

"ఆ సంఖ్యకేం తొందర రా? నేను కనిపెట్టినా, పెట్టకపోయినా అది ఎప్పటికీ ప్రధాన సంఖ్యే," అన్నాడు గోధుమల గిన్నెలోకి చూస్తూ. "చలేసింది స్తోయ్నాకే."