మునిగే ఓడ ఉన్న మ్యాపు

ఆ మ్యాపులు రెండు తెప్పించాను. ఒకటి విజయవాడలో నా ఫ్లాట్‌కి, ఒకటి ఉయ్యూరులో అక్కవాళ్ల గృహప్రవేశానికి. ఐదొందల ఏళ్ల కిందట యూరప్‌లో గీసిన ప్రపంచపటానికి నకలు. టీ ఒలికినట్టున్న కాగితం, నాలుగు మూలలా బుగ్గలు పూరించి గాలి ఊదే మొహాలు. అందులో మన దేశం చిక్కిపోయి, పక్కన సింహళం మాత్రం బాగా తిని బలిసినట్టు ఉంటుంది. కాలేజీలో చరిత్ర చెప్పేదాన్ని కదా, నాకు ముచ్చటేసింది. బావకి నాకంటే ఎక్కువ ముచ్చటేసింది. "ఇందులో మన ఉయ్యూరెక్కడమ్మా?" అని వచ్చినవాళ్లందరి ముందూ నన్ను ఆటపట్టించి, హాల్లో సోఫా పైన తనే మేకు కొట్టాడు.

అక్క అత్తగారు కళ్లజోడు సర్దుకుని దగ్గరికి వెళ్లి చూసింది. కింది మూల సముద్రంలో ఒక ఓడ, దాన్ని చుట్టేసి లోపలికి లాగుతున్న పెద్ద చేప. "కొత్తింట్లో మునిగిపోయే పడవేంటమ్మాయ్? ఇంటికి మంచిది కాదంటారు" అంది. పాతకాలం వాళ్ల అలంకారమండీ అని నవ్వేశాను. అలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. శుభకార్యమని ఊరుకున్నాను.

మూడు నెలలు తిరగకుండానే బావకి గుండెపోటు వచ్చింది.

నేను వెళ్లేసరికి విజయవాడ ఆస్పత్రిలో స్టెంట్ వేసి ఐసీయూలో ఉంచారు. రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు డాక్టరు గారు. బయట కుర్చీల్లో ఉన్న అత్తగారు నన్ను చూడగానే, "ఆ బొమ్మ వద్దని అప్పుడే చెప్పాను. నా మాట ఎవరు విన్నారు?" అంది. చుట్టాలంతా నావైపు తిరిగారు. బావ సిగరెట్ల సంగతి నా నోటిదాకా వచ్చింది. మింగేసి అక్క వైపు చూశాను. నా తరఫున ఒక్క మాట అంటుందనుకున్నాను. అక్క నేల చూపులు చూస్తూ కూర్చుంది.

అమ్మానాన్నా పోయాక నాకున్నది అక్క ఒక్కతే. బావ బతకాలని మొక్కుకున్నాను. బతక్కపోతే అక్క ఇక నా మొహం చూడదేమోనన్న భయం కూడా ఆ మొక్కులో ఉంది.

సాయంత్రం అక్క లేచి, "స్నానం చేసొస్తాను, మీ ఇంటికి పోదాం పద" అంది. బెంజి సర్కిల్ మీదుగా ఆటోలో ఇంటికొచ్చాం. తలుపు తీశాక గుర్తొచ్చింది, ఎదురుగోడ మీద రెండోది ఉందని. అక్క చెప్పులైనా విప్పకుండా వెళ్లి ఆ కింది మూలనే చూస్తూ నిలబడింది.

"స్టూలు తే" అంది.

"నువ్వు కూడానా అక్కా? అది ఉత్త కాగితం."

"కాగితమేలే. తే."

"బావకి నా వల్లే అయిందంటావా?"

అక్క ఇటు తిరిగింది. పొద్దున్నుంచి కంటతడి పెట్టని మనిషి ఏడుస్తోంది. "నీ వల్లని నేనన్నానా? అక్కడ అయ్యేదేదో అయింది. నువ్విక్కడ ఒక్కదానివే ఉంటావు. నీక్కూడా ఏమన్నా అయితే నేనేమైపోవాలే?"

ఇలాంటి నమ్మకాల మీద క్లాసులో పీరియడ్లకు పీరియడ్లు వాదించేదాన్ని. వంటింట్లోంచి స్టూలు తెచ్చి వేశాను. అక్క ఎక్కింది. స్టూలు ఊగకుండా రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

బావ బతికాడు. నా మ్యాపు ఇప్పటికీ బీరువా వెనక, గోడకు మొహం పెట్టుకుని ఉంది. అక్క వచ్చినప్పుడల్లా వంగి చూసి, అక్కడే ఉందని తేల్చుకున్నాకే కాఫీ తాగుతుంది.