మంట చల్లారిన కడుపు

మా తమ్ముడు మొన్న ఉదయం పోయాడు. ఆ పూట ఆర్మూరు యార్డులో పసుపు వేలం ఆపారు. కుప్పల పక్కన రైతులు తలగుడ్డలు తీసి కాసేపు ఎండలో నిలబడ్డారట. రైతుల సరుకు అమ్మిపెట్టే ఆడ్తిదారుకు దక్కే గౌరవం అది. దక్కవలసిన బతుకు మాత్రం వాడికి దక్కలేదు.

పెళ్లి చేసుకోనని, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటానని నేనన్ననాడు ఇంట్లో అందరూ ఏడ్చారు. వాడొక్కడే నా ట్రంకుపెట్టె భుజాన వేసుకొని అద్దె గది దాకా వచ్చాడు. "అక్కకు వంట రాదు. రావలసిన బావెవడో గానీ బతికిపోయిండు" అని దారి పొడవునా నవ్వించాడు. నా స్వాతంత్ర్యానికి మొదటి సాక్షి వాడే.

వాడి వ్యాపారమంతా చెవి మీద, చూపు మీద నడిచింది. పసుపు కొమ్మును చెవి దగ్గర పెట్టి విరిచేవాడు. చప్పుడు విని ఎంత ఎండిందో చెప్పేవాడు, విరిగిన చోట రంగు చూసి ధర చెప్పేవాడు. "రంగు అబద్ధమాడదక్కా" అన్నది వాడి మాట.

ఎనభైల దశకంలో వాడికి కామెర్లు వచ్చి తగ్గాయి. హైదరాబాదులో రక్తం పరీక్షించి, వైరస్ కాలేయంలో నిలిచిపోయిందన్నారు; దానికి మందు లేదన్నారు. తరువాత కడుపులో మంట మొదలైతే, అదీ కాలేయం వల్లనేనని ఊరుకున్నాం. ఏళ్లు గడిచాక నిజామాబాదులో ఒక డాక్టరు నోటి గుండా గొట్టం వేసి చూశాడు. జీర్ణాశయంలో పుండు ఉందని, అది ఒక బ్యాక్టీరియా పని అని చెప్పాడు.

"కాలేయానికి నేను చేసేదేం లేదు. గీ పుండు మాత్రం మానుతది. రెండు వారాలు ఒక్క గోలీ తప్పొద్దు. సగంల ఇడిస్తే క్రిమి మొండికేస్తది."

ఇన్నేళ్లలో మానుతుందన్న మాట మేము విన్నది అప్పుడే.

కొన్నాళ్లకే వాడి మూత్రం ముదురు రంగుకు తిరిగింది. కామెర్లు, వాడి మాటలో పసిరికలు, తిరగబెట్టాయని వాడు గోలీలు ఆపేశాడు.

"గోలీల వల్లనే గట్ల రంగు వస్తదటరా. డాక్టర్‌ను అడిగొచ్చిన. ఇడువకు" అన్నాను.

"రంగు జూసి మాలు జెప్పేటోన్ని, నాకే జెప్తున్నవా? ఇవి పసిరికలే. నువ్వు పోయి పిల్లలకు పాఠం జెప్పుకో అక్కా."

ఆలూరు దారిలో పసరు మందు పోసే మనిషి దగ్గరికి వెళ్లి రోజూ పరగడుపున తాగి వచ్చాడు. పుండు లోలోపల తొలిచింది. ఏడాది తిరగకముందే రక్తం కక్కుకున్నాడు. ఆ దెబ్బకు అసలే బలహీనమైన కాలేయం కుంగిపోయింది.

ఈసారి డాక్టరు మందులు మార్చి ఇచ్చాడు. వాడు చివరి గోలీ దాకా మింగాడు. మళ్లీ గొట్టం వేసి చూస్తే పుండు మానింది, క్రిమి లేదు. "నువ్వే గెలిచినవక్కా" అన్నాడు. అప్పటికే వాడి కడుపులో నీరు చేరుతోంది. అందులో నా గెలుపు ఎక్కడుందో వెతుక్కున్నాను.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె, ఎర్రకారం తొక్కు అడిగాడు. మరదలు నా వైపు చూసింది. పెట్టమన్నాను.

"మంట లేదే అక్కా! జర గూడ లేదు." కారానికి ముక్కూ కళ్లూ కారుతుండగా పసివాడిలా నవ్వాడు.

పీట మీద కూర్చుని వాడు చాచిన పాదం నీరు పట్టి ఉబ్బి నున్నగా మెరుస్తోంది. బొటనవేలితో మెల్లగా నొక్కి చూశాను. వాడు ఇంకో రొట్టె అడిగాడు. అది కాలి, కంచంలోకి వచ్చే దాకా, నా వేలు చేసిన గుంట ఆ పాదం మీద అలాగే ఉంది.