కెప్టెన్ ఇంటి గడప

మేముంటున్న డునెడిన్‌లో హార్బర్ పైన కొండవాలులో ఉన్న ఆ చెక్క ఇంటిని అందరూ అమెరికన్ హౌస్ అంటారు. తిమింగలాల వేటకు వచ్చిన ఒక అమెరికన్ కెప్టెన్ నూట డెబ్బై ఏళ్ల క్రితం కట్టుకున్నాడు. ఇప్పుడది మ్యూజియం. మా పాప హిమజను పగలు చూసుకునే ఇంద్రావతి ఆంటీ అందులో ఇరవై ఏళ్లు కాపురం చేసింది.

ఆంటీవాళ్లు ఫిజీ తెలుగువాళ్లు. విజయనగరం వైపు నుంచి ముత్తాత చెరకు తోటల్లో కూలికి వెళ్లాడట. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక ఆంటీ, భర్త బిజేంద్ర ఇక్కడికి వచ్చేశారు. అప్పట్లో ఆ ఇల్లు ఎవరికీ అక్కర్లేదు. కప్పు కారేది. కిటికీ సందుల్లోంచి దక్షిణ ధ్రువపు చలిగాలి కోసేది. అందుకే వీళ్లకు అద్దెకు దొరికింది. ఉన్ని గోదాములో పనిచేసే బిజేంద్ర సెలవురోజుల్లో కప్పు బాగుచేశాడు, కుళ్లిన పలకలు మార్చాడు, వెనక ఒక వంటగది కట్టాడు. ఆ వంటగదిలోనే గుండె ఆగి పోయాడు. ఏడాది తిరక్కముందే ఒక ట్రస్ట్ ఇల్లు కొని ఆంటీని ఖాళీ చేయించింది. కెప్టెన్ కాలం నాటిది కాదని వంటగదిని కూల్చేసింది.

ఇన్నేళ్లూ అటు వెళ్లని మనిషి ఈ మార్చిలో తనే అడిగింది. "నన్నొకసారి లోపలికి తీసుకుపో బేటీ. ఆయన కొట్టిన మేకు ఒక్కటైనా ఉంచారేమో చూడాల."

పక్క తలుపు నుంచి లోపలికి వెళ్లాం. పాత ఇళ్ల రంగుల్లో సీసం ఉంటుంది. కెమిస్ట్రీ చదివిన తల్లికి ఆ భయం పోదు. హిమజను చంక దింపలేదు. గైడ్ మర్యాదైన అమ్మాయి. "కెప్టెన్ కుటుంబం వెళ్లాక అద్దెవాళ్ల చేతుల్లో ఇల్లు బాగా పాడైంది. ట్రస్ట్ కాపాడకపోతే ఈపాటికి కూలిపోయేది" అని ఇంగ్లీషులో చెప్పింది.

ఆంటీ వింటూ గోడ పలకలు తడుముతూ నడిచింది. అన్నీ మార్చేశారు. వెనక వంటగది ఉన్నచోట పచ్చిక.

"ఏమీ లేదు బేటీ. పోదాం పద" అంది.

ముందు తలుపు దగ్గర హిమజ నా చేతుల్లోంచి జారి గడప మీద రెండు చేతులూ వేసింది. గడప నిండా బంగారు పచ్చరంగు. నిమ్మపండు ఛాయ. వేళ్లు నోట్లోకి వెళ్లకముందే లాక్కుని, ఇందులో ఏం కలిపారని గైడ్‌ను అడిగాను.

"భయం లేదు, కొత్త పెయింటే. పాత గడప చెక్కలో ఈ రంగు లోతుగా ఇంకిపోయి కనిపించింది. కెప్టెన్ అభిరుచి అది. అదే ఛాయ కలిపించాం. ఊళ్లో మరే ఇంటికీ లేదు." అద్దాల పెట్టెలో పెట్టిన పాత చెక్కముక్కను చూపించింది.

ఆంటీ దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా తెలుగులో అంది. "శుక్రవారం శుక్రవారం పసుపు రాసేదాన్ని. ఒక్క వారం మానలే. అద్దెవాళ్లం గదా, పాడుచేశాం."

నాకు ఒళ్లు మండింది. "ఆ ముక్కకు కాస్త బట్టల సోడా నీళ్లు తగిలిస్తే పసుపు ఎర్రబడుతుంది ఆంటీ. ఇప్పుడే చెప్తాను."

ఆంటీ నా మణికట్టు పట్టుకుంది. "నోరు మూసుకో."

"మీదని తెలియొద్దా?"

"తెలిస్తే గీకేస్తారు. వంటగదిని చూడలా?"

"కెప్టెన్ పేరు మీద ఉంటే మీకేం లాభం?"

"ఉంటది గదా."

గైడ్ నవ్వుతూ, మీ అమ్మగారు ఏమంటున్నారని అడిగింది. ఆంటీయే ఇంగ్లీషులో జవాబిచ్చింది. "బాగుందంటున్నా. మీ కెప్టెన్‌కి మంచి టేస్టే."

చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, గడప తొక్కకుండా దాటి బయటికొచ్చింది. మా వెనక వచ్చినాయన బూట్లతో దాని మీద నిలబడి భార్యచేత ఫొటో తీయించుకుంటున్నాడు. ఆంటీ ఒకసారి వెనక్కి చూసింది.